ఎన్ని సీట్లు? – సంగీతశాల ధ్వనిని నిర్ణయించే అంకె



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆయన వృత్తిరీత్యా ఇంజనీరు, ప్రవృత్తిరీత్యా శ్రోత. పగలంతా కట్టడాల లెక్కలు చూసి సాయంత్రమయ్యేసరికి ఏదో ఒక కచేరీలోనో నాటకంలోనో కనిపించేవారని పెద్దలు చెబుతారు. ఆయన రెండు ఇష్టాలూ కలిసే విషయం ఏదా అని ఆలోచించి, సంగీతశాలల నిర్మాణాన్ని ఎంచుకున్నాను.

హాలు కట్టాలని ఎక్కడ కమిటీ కూర్చున్నా ముందుగా సీట్ల సంఖ్య మీద చర్చ మొదలవుతుంది. స్థలం, బడ్జెట్, పార్కింగ్, టికెట్ల రాబడి, అన్నీ ఆ అంకె వెంటే నడుస్తాయి. ధ్వని సంగతి ఎప్పుడో ప్లాస్టరింగ్ అయ్యాక గుర్తొస్తుంది. అప్పుడు ‘అకౌస్టిక్స్ వాళ్లను పిలుద్దాం’ అనుకుంటారు. సీట్ల అంకె ఖాయం చేసిన రోజునే హాలు ధ్వని చాలావరకు ఖాయమైపోతుందని ఈ సాయంత్రం మీకు చెప్పదలచుకున్నాను. ఆ అంకె రాసే అధికారం ఆర్కిటెక్టుకు గానీ ధ్వనిశాస్త్రజ్ఞుడికి గానీ ఉండదు. అది మనలాంటి వాళ్లు కూర్చునే కమిటీలదే. కాబట్టి హాలు బాగా పలికినా పలకకపోయినా అందులో మన వాటా పెద్దది. దీనికి బోస్టన్, న్యూయార్క్, సిడ్నీ, బెర్లిన్, హాంబర్గ్ నగరాల అనుభవం సాక్ష్యం. చివరికి మన సంగతికి వస్తాను.

మెత్తలు, కిటికీలు, మనుషులు

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ కళా మ్యూజియం తెరిచారు. అందులోని ఉపన్యాస మందిరం చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ, అక్కడ మాట్లాడితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నోటి నుంచి వెలువడిన శబ్దం అయిదున్నర సెకన్ల పాటు గోడల మధ్య తిరుగుతూనే ఉండేది. ఆ వ్యవధిలో వక్త పది మాటలైనా చెప్పేస్తాడు. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగమయ్యేవి. దీని సంగతేమిటో చూడమని విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ భౌతికశాస్త్ర విభాగంలోని యువ అధ్యాపకుడు వాలస్ సబైన్‌కు పని అప్పగించాడు.

సబైన్ దగ్గరున్న సరంజామా కొంచెమే: ఒక ఆర్గన్ గొట్టం, కాలం కొలిచే సాధనం, తన రెండు చెవులు. ఊరు సద్దుమణిగాక, దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చేవాడు. కొన్ని మెత్తలు పరిచి, గొట్టం మోగించి, ఆపి, శబ్దం చెవికి అందకుండా పోయేదాకా ఎంత సేపు పట్టిందో రాసుకునేవాడు. మరికొన్ని పరిచి మళ్లీ కొలిచేవాడు. తెల్లవారేసరికి మెత్తలు తిరిగి థియేటర్‌కు చేరాలి. మెత్తలు పెరిగిన కొద్దీ శబ్దం త్వరగా అణగిపోతోందని తేలింది. తర్వాత ఆయన మెత్తను వదిలి, తెరిచిన కిటికీని కొలమానంగా తీసుకున్నాడు. తెరిచిన కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు కాబట్టి, ఏ వస్తువు ఎంత శబ్దాన్ని మింగుతుందో ‘ఇన్ని చదరపు మీటర్ల కిటికీ’ అని చెప్పొచ్చు.

ఈ ప్రయోగాల్లో ఒక ముచ్చట ఉంది. కొలతలు తీసే మనిషి వేసుకున్న బట్టలు కూడా ఫలితాన్ని మారుస్తున్నాయని సబైన్ గమనించాడు. అప్పటిదాకా తీసిన వేలకొద్దీ కొలతలను పక్కన పడేసి, ఆ తర్వాత ఎప్పుడు కొలిచినా అవే బట్టలు వేసుకున్నాడు. ఒక్క మనిషి కోటు లెక్కల్ని తారుమారు చేయగలిగితే, రెండువేల మంది నిండిన హాలు సంగతి ఊహించండి. సంగీతశాలలో శబ్దాన్ని అందరికంటే ఎక్కువగా మింగేది శ్రోతే. గోడలకు ఏం తాపడం చేశాం, పైకప్పుకు ఏం వేశాం అన్నవి దాని తర్వాతి మాటలు.

1898లో సబైన్‌కు సూత్రం దొరికింది. శబ్దం ఆగిపోయాక దాని శక్తి పదిలక్షల్లో ఒక వంతుకు పడిపోవడానికి పట్టే సమయాన్ని ప్రతినాద కాలం అంటాం. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని, 0.16తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే ఆ కాలం సెకన్లలో వస్తుంది. నూట పాతికేళ్లు దాటినా హాలు లెక్క ఇప్పటికీ ఇక్కడే మొదలవుతుంది.

ఈ సూత్రంలో మన సీట్లను పెట్టి చూద్దాం. మెత్తటి కుర్చీలో కూర్చున్న ఒక శ్రోత మధ్యస్థాయి స్వరాల దగ్గర సుమారు అర చదరపు మీటరు కిటికీతో సమానం. రెండువేల మందంటే వెయ్యి చదరపు మీటర్ల కిటికీ తెరిచి పెట్టినట్టు. సింఫనీ వాద్యబృందానికి దాదాపు 2 సెకన్ల ప్రతినాదం కావాలి. శ్రోతల్ని మాత్రమే లెక్కలోకి తీసుకున్నా 12,500 ఘనపు మీటర్ల గది అవసరం. గోడలు, వేదిక, వాద్యకారులు మింగేది కూడా కలిపితే 18, 20 వేలకు పోతుంది. సీటుకు పది ఘనపు మీటర్లు ఉండాలని ఈ వృత్తిలోవాళ్లు అనే మాట ఈ లెక్క నుంచి వచ్చిందే. వియన్నా మ్యూజిక్‌ఫెరైన్, బెర్లిన్ ఫిల్హార్మోనీ దాదాపు ఈ కొలతకే తూగుతాయి. సీట్లు పెరిగితే గది ఎత్తు పెరగాలి. ఎత్తు పెరిగితే ఖర్చుతో పాటు మరో చిక్కు కూడా వస్తుంది; అది సిడ్నీ దగ్గర చెబుతాను.

గది ఎంత పెంచినా తీరని లోటు ఒకటుంది. వాద్యబృందం పుట్టించే శబ్దశక్తికి పరిమితి ఉంది. పంక్తిలో విస్తళ్లు పెరిగాయని గుండిగలో పులిహోర పెరగదు, వడ్డన పలచబడుతుంది. హాలు శోషణ రెట్టింపైతే ప్రతి శ్రోతకూ అందే ప్రతినాద శక్తి సగమవుతుంది, అంటే మూడు డెసిబెల్స్ పోతాయి. ప్రతినాద కాలాన్ని గదిని పెంచి కాపాడుకోవచ్చు గానీ, ఆ నిండుతనాన్ని అలా తిరిగి తెచ్చుకోలేం.

లెక్క తెలియని రోజుల్లో, తెలిసిన రోజుల్లో

వియన్నా మ్యూజిక్‌ఫెరైన్ 1870లో తెరుచుకుంది. దాని ఆర్కిటెక్టు థియోఫిల్ హాన్సెన్‌కు సబైన్ సూత్రం తెలిసే అవకాశమే లేదు. సుమారు 19 మీటర్ల వెడల్పు, 49 మీటర్ల పొడవు, 18 మీటర్ల ఎత్తు ఉన్న పొడవాటి పెట్టెలాంటి గది. కూర్చునేవాళ్లు 1,700 పైచిలుకు, వెనక నిలబడి వినేవాళ్లు మరో మూడు వందలు. గోడల నిండా శిల్పాలు, బంగారు పూత. ఈ రోజుకీ ప్రపంచంలో అత్యుత్తమ హాళ్ల పేర్లు చెప్పమంటే దీన్ని తప్పకుండా చెబుతారు.

ఆ పెట్టె ఆకారంలో ఏముంది? గది ఇరుకు కాబట్టి వేదిక నుంచి నేరుగా వచ్చిన శబ్దం వెనకే పక్క గోడల నుంచి తిరిగొచ్చిన శబ్దం కొద్ది మిల్లీసెకన్లలో చెవులకు చేరుతుంది. అంత త్వరగా వస్తే చెవి దాన్ని విడి ప్రతిధ్వనిగా పట్టించుకోదు. అసలు శబ్దంలోనే కలిపేసుకుంటుంది. పైగా అది పక్కల నుంచి రావడంతో సంగీతం తన చుట్టూ ఉన్నట్టు శ్రోతకు అనిపిస్తుంది. పక్కల నుంచి వచ్చే ఈ తొలి పరావర్తనాల విలువను 1960ల చివర్లో న్యూజిలాండ్‌కు చెందిన హెరాల్డ్ మార్షల్, ఆ తర్వాత ఇంగ్లండ్‌లో మైకేల్ బారన్ శాస్త్రీయంగా నిరూపించారు. హాన్సెన్ తెలియకుండానే రెండు మంచి పనులు చేశాడు: గదిని ఇరుకుగా ఉంచాడు, జనాన్ని తక్కువగా కూర్చోబెట్టాడు.

లెక్క తెలిశాక కట్టిన మొదటి సంగీతశాల బోస్టన్ సింఫనీ హాల్. 1900 అక్టోబరు 15న తెరిచారు. మెకిమ్, మీడ్ అండ్ వైట్ సంస్థ ఆర్కిటెక్టులు, సబైన్ సలహాదారు. మొదట గీసింది గ్రీకు నాటకశాలలా అర్ధచంద్రాకారపు నమూనా. దాన్ని పక్కన పెట్టి, పాత యూరపు హాళ్ల తీరున పెట్టె ఆకారానికి వచ్చారు. వాళ్లు ఆదర్శంగా తీసుకున్న జర్మనీలోని లైప్‌జిగ్ గెవాండ్‌హౌస్‌లో 1,500 పైచిలుకు సీట్లే. బోస్టన్‌కు 2,600 కావాలి. పాతదాన్ని అన్ని వైపులా అదే నిష్పత్తిలో పెంచితే గది మరీ పెద్దదై ప్రతినాదం అవసరానికి మించుతుందని సబైన్ లెక్కగట్టి చెప్పాడు. అందుకని వెడల్పును 23 మీటర్ల దగ్గర ఆపి, పొడవు పెంచి, రెండు బాల్కనీలు వేశారు. హాలు నిండినప్పుడు ప్రతినాదం 1.9 సెకన్ల దగ్గర నిలిచింది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. 2,625 సీట్లతో బోస్టన్ అంత బాగా ఎలా పలుకుతోంది? జవాబు కుర్చీల్లో ఉంది. అవి పాతకాలపు ఇరుకు కుర్చీలు, పలచటి తోలు మెత్తలు, దగ్గర దగ్గర వరసలు. శ్రోతలు శబ్దాన్ని మింగేది తలల లెక్కన కన్నా వాళ్లు పరుచుకున్న నేల విస్తీర్ణం లెక్కన అని 1960లో లియో బెరానెక్ తేల్చాడు. అదే సంఖ్యను విశాలమైన సోఫాల్లో, వెడల్పాటి నడవలతో కూర్చోబెడితే శబ్దం మరింత పోతుంది. సినిమా హాలు రిక్లైనర్లను సంగీతశాలలో కోరుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. మోకాళ్లకు దక్కిన సుఖానికి మూల్యం చెవులు చెల్లిస్తాయి.

న్యూయార్క్ నేర్చుకున్న పాఠం

ఆ బెరానెక్‌కే న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో ఫిల్హార్మోనిక్ హాల్ ధ్వని బాధ్యత వచ్చింది. ఆర్కిటెక్టు మ్యాక్స్ అబ్రమోవిట్జ్. ధ్వనిశాస్త్రంలో అంతకు ముందు ఎవరూ పడనంత శ్రమ బెరానెక్ పడ్డాడు. ప్రపంచంలో యాభైకి పైగా హాళ్లు పరిశీలించి, సంగీత దర్శకులతో, విమర్శకులతో మాట్లాడి, ఏ గుణానికి ఎంత విలువ ఇవ్వాలో పట్టిక వేశాడు. పెట్టె ఆకారం, 2,400 సీట్లు ఉండాలని సలహా ఇచ్చాడు.

నగరంలో పాత కార్నెగీ హాలుకు 2,800 సీట్లున్నాయి. ఇన్ని డాలర్లు పోసి కడుతున్న కొత్త హాలు పాతదానికన్నా చిన్నదా అని పత్రికల్లో గగ్గోలు బయలుదేరింది. కమిటీ తలొగ్గింది. మరిన్ని సీట్లు ఇరికించడానికి పక్క గోడలు ఉబ్బాయి, బాల్కనీల వంపు మారింది, సీట్లు 2,600 దాటాయి. గోడల మీద శబ్దాన్ని చెదరగొట్టేందుకు వేయాల్సిన ఎత్తుపల్లాలు ఖర్చు తగ్గించే పేరుతో ఎగిరిపోయాయి. పక్క గోడలు దూరమవడంతో తొలి పరావర్తనాలు ఇవ్వాల్సిన భారం పైకప్పు నుంచి వేలాడదీసిన పలకల మీద పడింది. వాటికి ‘మేఘాలు’ అని పేరు పెట్టారు.

1962 సెప్టెంబరు 23న హాలు తెరిచారు. మంద్రం పలకడం లేదని, వాద్యకారులకే ఒకరిది ఒకరికి వినబడటం లేదని ఫిర్యాదులు మొదలయ్యాయి. మంద్రం ఏమైందో వెతుకుతూ పరిశోధకులు ఇక్కడే ఒక కొత్త విషయం కనిపెట్టారు. కుర్చీల వరసల మీదుగా, వాటిని రాసుకుంటూ సాగే శబ్దంలో సెకనుకు 100 నుంచి 200 కంపనాల ప్రాంతం బాగా తగ్గిపోతుంది. సెల్లో, డబుల్ బేస్ వాద్యాలు బతికే ప్రాంతం అదే. మనుషులే కాదు, వరసలుగా పేర్చిన కుర్చీలు కూడా ఒక స్వరస్థాయిని ఎంచి మరీ మింగుతాయని తేలింది. పెట్టె ఆకారపు హాల్లో పక్క గోడలు, పైకప్పు తిప్పి పంపే మంద్రం ఆ లోటును పూడుస్తుంది. న్యూయార్క్‌లోని మేఘాలు అంత పొడవాటి తరంగాలను పరావర్తనం చేసేంత పెద్దవి కావు.

ఏళ్ల తరబడి మరమ్మతులు చేసి విసిగి, 1976లో లోపలంతా ఊడగొట్టి కొత్తగా కట్టారు. అప్పటి ఆర్కిటెక్టు ఫిలిప్ జాన్సన్, ధ్వని నిపుణుడు సిరిల్ హారిస్. దాత పేరిట అది అప్పటికే ఎవరీ ఫిషర్ హాల్. పెట్టె ఆకారానికి తిరిగొచ్చారు గానీ సీట్లు 2,700 దాటే ఉన్నాయి. ముందున్నదానికన్నా మెరుగే అన్నారు, చాలదనీ అన్నారు. చివరికి 2022 అక్టోబరులో 55 కోట్ల డాలర్ల ఖర్చుతో డేవిడ్ గెఫెన్ హాల్‌గా మూడోసారి తెరిచారు. వేదికను 25 అడుగులు ముందుకు జరిపారు, దాని చుట్టూ శ్రోతల్ని కూర్చోబెట్టారు. అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు, అయిదు వందలకు పైగా సీట్లు తీసేశారు. ఇప్పుడు ఉన్నవి 2,200. బెరానెక్ అడిగిన 2,400 కన్నా అవి తక్కువ. మొదట ఒక పత్రికా వివాదంలో పెరిగిన అంకెను దించడానికి ఆ నగరానికి అరవై ఏళ్లు, మూడు నిర్మాణాల ఖర్చు పట్టాయి.

చరిత్రలో ఈ వైఫల్యం బెరానెక్ పేరిటే రాశారు. ఆయన వైపు నుంచి లోటు లేకపోలేదు. తన పట్టిక మీద ఆయనకు కాస్త ఎక్కువ నమ్మకం. కానీ అంకె మార్చిన కమిటీ సభ్యుల పేర్లు మీలో ఎవరికైనా తెలుసా?

ఓడరేవు గుల్లలు, కొండవాలు తోటలు

సిడ్నీ ఒపెరా హౌస్‌కు 1957లో డెన్మార్క్ ఆర్కిటెక్టు యోర్న్ ఉట్జన్ నమూనా గెలిచింది. పోటీ నిబంధనల్లోనే చిక్కు ఉంది. పెద్ద హాలులో 3,000 నుంచి 3,500 మంది పట్టాలి. అందులో సింఫనీ, ఒపెరా, బాలే, సామూహిక గానం, బహిరంగ సభలు అన్నీ జరగాలి. ఒపెరాకు పాట సాహిత్యం తెలియాలి కాబట్టి ప్రతినాదం ఒకటిన్నర సెకన్ల లోపే బాగుంటుంది. సింఫనీకి 2 కావాలి. ఒపెరాకు వేదిక పైన యంత్రాల గోపురం ఉండాలి. అది సింఫనీ శబ్దాన్ని మింగుతుంది. ఒకే గది ఇవన్నీ చేయాలనడం చాలా పెద్ద కోరిక.

ప్రభుత్వంతో పేచీ వచ్చి 1966లో ఉట్జన్ వెళ్లిపోయాక పీటర్ హాల్ లోపలి భాగాలు చేపట్టాడు. అప్పట్లో నగరపు ఆర్కెస్ట్రాను నడిపే ఆస్ట్రేలియా ప్రసార సంస్థ 2,800 సీట్లు, 2 సెకన్ల ప్రతినాదం కావాలని పట్టుబట్టింది. దాంతో పెద్ద హాలు సింఫనీకే వదిలి, ఒపెరాను చిన్న హాలుకు పంపారు. అప్పటికే అమర్చిన వేదిక యంత్రాలు తీసేయాల్సి వచ్చింది. 1973లో తెరిచే నాటికి పెద్ద హాలులో 2,679 సీట్లు, 24,600 ఘనపు మీటర్ల ఘనపరిమాణం, వేదిక మీద 25 మీటర్ల ఎత్తున పైకప్పు.

సీట్ల కోసం పెంచిన ఎత్తు తెచ్చే చిక్కు ఇక్కడ కనిపిస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పాతిక మీటర్లు పైకెళ్లి తిరిగి రావాలంటే సెకనులో ఏడో వంతు పడుతుంది. పైకప్పు తిప్పి పంపే పక్కవాడి వాయులీనం, అసలు శబ్దానికి తోడుగా ఉపయోగపడలేనంత ఆలస్యంగా చెవిన పడుతుంది. అందుకని వేదిక మీద పారదర్శకమైన అక్రిలిక్ వలయాలు వేలాడదీశారు. వాటితో దాదాపు యాభై ఏళ్ల పాటు వాద్యకారులు సర్దుకున్నారు. 2022లో ఆ వలయాలు తీసి పూరేకుల ఆకారంలో పెద్ద పరావర్తకాలు అమర్చాక గానీ వాళ్ల ఫిర్యాదులు తగ్గలేదు. బయట కప్పుగా నిలిచిన గుల్లలను చూడ్డానికి ప్రపంచం వస్తుంది. లోపలి కథ మాత్రం ఒక అంకె చుట్టూ తిరిగింది.

సీట్లు తప్పనిసరిగా రెండువేలు దాటాలంటే దారి ఏమిటి? మంచి సమాధానం బెర్లిన్‌లో దొరికింది. హాన్స్ షరూన్ గీసిన ఫిల్హార్మోనీ 1963 అక్టోబరు 15న హెర్బెర్ట్ ఫాన్ కారయాన్ నిర్వహణలో తెరుచుకుంది. సంగీతం మధ్యలో ఉండాలి, జనం చుట్టూ ఉండాలి అన్నది షరూన్ పట్టుదల. ధ్వని నిపుణుడు లోథార్ క్రెమర్ మొదట వెనకాడాడు. గొంతు, ట్రంపెట్ ముందువైపే ఎక్కువ పలుకుతాయి. వెనక కూర్చున్నవాళ్ల గతేమిటి? ఈ ఇద్దరి వాదులాటలోంచే కొత్త ఆకారం పుట్టింది.

రెండువేల పైచిలుకు శ్రోతల్ని ఒకే మైదానంగా పరచకుండా, కొండవాలు మీద ద్రాక్షతోట మడుల్లా చిన్న చిన్న గుంపులుగా విడగొట్టి, ఒక్కో మడిని ఒక్కో ఎత్తున పెట్టారు. ప్రతి మడికీ ముందూ పక్కనా పొట్టి గోడ ఉంటుంది. ఆ గోడలు పక్క మడిలోవాళ్లకు తొలి పరావర్తనాలు పంపిస్తాయి. మ్యూజిక్‌ఫెరైన్‌లో ఇరుకు గోడలు చేసే పనిని ఇక్కడ ఈ పొట్టి గోడలు పంచుకున్నాయి. శ్రోతల వరసలు తెగిపోవడంతో మంద్రాన్ని మింగే కుర్చీల మైదానం కూడా ముక్కలైంది. పైకప్పు గుడారంలా లోపలికి ఉబ్బి శబ్దాన్ని ఒకచోట పోగేయకుండా వెదజల్లుతుంది.

క్రెమర్ అనుమానం మాత్రం పూర్తిగా తీరలేదు. 2017లో హాంబర్గ్ ఓడరేవులో పాత గిడ్డంగి మీద తెరిచిన ఎల్బ్‌ఫిల్హార్మోనీ ఇదే వంశానిది. ఆర్కిటెక్టులు హెర్త్‌సోగ్, డి మ్యురోన్. ధ్వని నిపుణుడు జపాన్‌కు చెందిన యసుహిసా టొయోటా. 2,100 సీట్ల ఆ హాలు బరువు 12,500 టన్నులు. ఓడల హారన్లు, రేవు అదురు లోపలికి రాకుండా దాన్ని 362 స్ప్రింగ్ కట్టల మీద నిలబెట్టారు. గోడలకు దాదాపు పదివేల జిప్సం పలకలు, దేని చెక్కుడు దానిదే. ఎవరూ కండక్టర్‌కు 30 మీటర్ల కన్నా దూరంలో ఉండరు. ఇంత చేసినా 2019లో ఒక గాయకుడి కచేరీలో వేదిక వెనకవైపు కూర్చున్నవాళ్లు మధ్యలో వినబడటం లేదని అరిచారు. వేదిక చుట్టూ జనం కూర్చుంటే వాద్యబృందం అందరికీ చేరుతుంది గానీ మానవ కంఠం ముందున్నవారికే దక్కుతుంది. ద్రాక్షతోట రెండువేల మందిని మోయగలదు, అదీ వాద్యాలకు. పాడేవాళ్లే ముఖ్యమైన మనలాంటి సంప్రదాయాలకు ఇది గుర్తుంచుకోవలసిన హెచ్చరిక.

మన లెక్క

ఇంతసేపూ పడమటి నగరాల సంగతి చెప్పాను. శాల పరిమాణానికి, కంఠానికి ఉన్న సంబంధాన్ని శాస్త్రంగా రాసిపెట్టిన పని మాత్రం మన దగ్గర ఎప్పుడో జరిగింది. భరతుడి నాట్యశాస్త్రం రెండో అధ్యాయం నాటకశాల నిర్మాణం గురించే. మూడు ఆకారాలు, మూడు పరిమాణాలు చెప్పి, మనుషులకు మధ్యరకమే తగినదని తేల్చాడు: 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు. అంటే సుమారు 29 మీటర్లు, అందులో సగం వేదికకూ నేపథ్యానికీ పోతుంది. ఇంతకన్నా పెద్దది ఎందుకు కట్టకూడదో కారణాలు కూడా ఇచ్చాడు. నటుడి ఉచ్చారణ స్పష్టత పోతుంది, ముఖంలో భావం కనబడదు. శాల కొండగుహలా ఉండాలని, కిటికీలు చిన్నవిగా ఉండాలని, గాలి దూరకూడదని, అప్పుడే గాయకుల గొంతుకు, వాద్యాలకు గాంభీర్యం వస్తుందని చెప్పాడు. పరిమాణాన్ని చెవినీ కంటినీ బట్టి ఖాయం చేయడం ఇందులో గమనించాలి.

మైకు రాక ముందు మన పద్యనాటక నటులు, సురభి కంపెనీలు డేరాల్లో, పందిళ్లలో ఆడారు. గుడ్డ గోడ శబ్దాన్ని తిప్పి పంపదు. గది సాయం లేని చోట గొంతును పైస్థాయిలో నిలిపి, రాగాన్ని సాగదీసి చివరి మనిషికి చేర్చడం తప్పనిసరి విద్య అయింది. మైకు వచ్చి ఆ శ్రమ తీర్చింది. దాంతో పాటే సీట్ల సంఖ్యకు ఉన్న పగ్గం తెగిపోయింది. స్పీకర్లు ఎన్నయినా పెట్టుకోవచ్చు గనక ఎన్ని వేల సీట్లయినా వేసుకోవచ్చు అనుకున్నాం. 1961లో టాగోర్ శతజయంతికి హైదరాబాద్‌లో రవీంద్రభారతి వచ్చాక, నాటకానికి, నృత్యానికి, కచేరీకి, పురస్కార సభకు అన్నింటికీ ఒకే ఆడిటోరియం అన్నది మనకు అలవాటుగా స్థిరపడింది.

ఒకే గదిలో అన్నీ జరగడాన్ని నేను తప్పుపట్టను. మనకున్న వనరులు అవి. అయితే స్పీకర్లతో నడిచే హాలుకు ప్రతినాదం తక్కువ ఉండాలి, సుమారు ఒక సెకను. లేకపోతే వేగంగా పడే కల్పనస్వరాలు, మృదంగం జతులు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. మనం చేస్తున్నది దానికి విరుద్ధం: స్పీకర్లు పెడతాం, గోడలకు గ్రానైట్ వేస్తాం, నేలకు పాలరాయి పరుస్తాం, వెనక గోడను వంపు తిప్పి శబ్దాన్ని మధ్య వరసల మీద పోగేస్తాం. మాట తెలియడం లేదంటే వాల్యూం పెంచుతాం. వాల్యూం పెరిగితే ప్రతినాద శబ్దం కూడా అంతే పెరుగుతుంది, స్పష్టత అక్కడే ఉంటుంది. దానికి తోడు ఏసీ హోరు. వీణ చివరి అనుస్వరం ఆ హోరు కింద అణగిపోతుంది.

భారతీయ సంగీతానికి వేరే దారి కూడా ఉందని ముంబై చూపించింది. 1980లో జాతీయ ప్రదర్శన కళల కేంద్రం (ఎన్‌సీపీఏ) ఆవరణలో తెరిచిన టాటా థియేటర్ ఆర్కిటెక్టు ఫిలిప్ జాన్సన్, ధ్వని నిపుణుడు సిరిల్ హారిస్. న్యూయార్క్ హాలును రెండోసారి కట్టిన జంటే ఇది. అక్కడ 2,700 సీట్లతో కుస్తీ పట్టిన వాళ్లిద్దరూ ఇక్కడ వెయ్యి సీట్ల దగ్గర ఆగారు. మైకు లేకుండా మన సంగీతం వినాలి, కళాకారుడి ముఖంలో సూక్ష్మభావం చివరివాడికీ కనిపించాలి అన్నది యజమానులు పెట్టిన షరతు. అదే ఇద్దరు నిపుణులు, అదే విద్య. మారింది కమిటీ అడిగిన ప్రశ్న. భరతుడి రెండు కారణాలూ ఆ షరతులో ఉండటం మీరు గమనించే ఉంటారు.

కాబట్టి రేపు మన ఊళ్లలో, విదేశాల్లోని మన తెలుగు సంఘాల్లో హాళ్లు కట్టేవారికి నా మనవి ఇది. ఆ గదిలో ముఖ్యంగా ఏ కళ జరుగుతుందో, అది మైకుతోనా మైకు లేకుండానా ముందు నిర్ణయించండి. దాన్ని బట్టి ప్రతినాద కాలం, గది ఘనపరిమాణం తేల్చండి. ఆ తర్వాతే సీట్ల అంకె రాయండి. ఏసీ శబ్దానికి పరిమితి టెండరులోనే పెట్టండి. రెండువేల మంది వినాలంటే వెయ్యి సీట్ల హాల్లో రెండు రోజులు కచేరీ పెట్టండి. కళాకారుడికి రెండో రోజు పారితోషికం కూడా దక్కుతుంది.

దీనికి ఎదురయ్యే అభ్యంతరం నాకు తెలుసు. సీట్లు తగ్గితే రాబడి తగ్గుతుంది, ఆ లోటు ఎవరు పూడుస్తారు? ఇది న్యాయమైన ప్రశ్న, దీనికి ధ్వనిశాస్త్రం దగ్గర జవాబు లేదు. ఇలాంటి స్మారకోపన్యాసాలకు నిధులు నెలకొల్పే కుటుంబాల దగ్గర ఉంది. కుర్చీ వెనక ఇత్తడి పలక మీద పెద్దల పేరు చెక్కించి ఆ కుర్చీ ఖర్చు భరించే దాతలు మన దగ్గర చాలామంది ఉన్నారు. వేయకుండా వదిలేసిన కుర్చీకి కూడా ఒక దాత కావాలి. ఆ దానానికి పలక తగిలించడానికి చోటు ఉండదు గానీ, దాని ఫలం హాల్లో మిగిలిన ప్రతి శ్రోతకూ అందుతుంది.